గుండె ఆగి మళ్ళీ కొట్టుకున్న మూడు వారాలకి మాట పడిపోయిన చెరువు గుమస్తా: ఒక కేసు

పేషెంటూ వాళ్ళావిడా ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నా. ఊరు చెప్పను, వయసూ ఇంకో రెండు మూడు సంగతులూ మార్చేసా, కాబట్టి కోనసీమలోనో భీమవరం వైపో ఎవరైనా చదివి "ఇది మనోడేరా" అనుకుంటే చాలావరకు కాదు. జబ్బు నడిచిన తీరు మాత్రం ఉన్నదున్నట్టే. న్యూరాలజీ చదివినవాళ్ళకి ఇది పుస్తకంలో ఉన్న జబ్బే. నేను ముఖ్యంగా రాసేది ఐసీయూ నుంచి డిశ్చార్జి రాసే ఫిజిషియన్లకీ, సైకియాట్రీ ఓపీలో కూర్చునేవాళ్ళకీ, పీహెచ్‌సీల్లో ఉండే కుర్ర డాక్టర్లకీ, ఎందుకంటే ఇలాంటి మనిషి ముందు వాళ్ళ దగ్గరికే వెళ్తాడు, మా దగ్గరికి చేరేసరికి నెల తిరిగిపోతుంది.

మనిషి, జరిగింది

నలభై దాటిన మనిషి, రొయ్యల చెరువుల మీద గుమస్తా. మేత బస్తాల లెక్క, డీజిల్ లెక్క, కూలీల బట్వాడా అన్నీ ఆయన చేతిమీదే. షుగర్ ఉంది, మాత్రలు వాడతాడు. బీపీ లేదు, సిగరెట్టు లేదు. పెళ్ళి మేనరికం, సొంత అక్క కూతుర్నే చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు. ఈ మేనరికం సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

వానాకాలం, తెల్లవారుజాము. చెరువుల మీద పని తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయేది ఆ టైములోనే, అప్పుడు ఏరేటర్ ఆగిందంటే రొయ్య తేలిపోతుంది. ఆ రోజు ఆగింది. కంగారులో స్టార్టర్ ఆపకుండానే నీళ్ళలో దిగి కేబులు జాయింటు పట్టుకున్నాడు, అక్కడ టేపు ఊడిపోయి ఉంది. పక్క చెరువు కుర్రాడు కేక విని మెయిన్ ఆపి గట్టు మీదికి లాగితే ఊపిరి లేదు, నాడి లేదు. ఆ కుర్రాడికి ఎక్కడో ట్రైనింగులో సీపీఆర్ నేర్పారట, వ్యాను వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నాడు, వ్యాను ఎక్కాక కూడా ఆపలేదు. దగ్గర్లో ఆసుపత్రికి చేరేసరికి మానిటర్ మీద వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ (గుండె కొట్టుకోకుండా ఊరికే వణకడం), షాకులిచ్చాక గుండె దారిలో పడింది. మొత్తం ఎంతసేపు అంటే ఒక్కొక్కళ్ళు ఒక్కో లెక్క చెప్తారు, పావుగంటకి మాత్రం తక్కువ ఉండదు, అందులో ఎక్కువ భాగం సీపీఆర్ మీద గడిచింది.

ఇక్కడ ఒక తేడా ఉంది. గుండె ఆగి మెదడుకి రక్తం పూర్తిగా సున్నా అయిపోవడం ఒకటి, బాగా నొక్కిన సీపీఆర్ మీద మామూలులో పావు వంతో మూడో వంతో రక్తం నడవడం ఇంకొకటి. మొదటిదాంట్లో నరకణాలే నిమిషాల్లో చచ్చిపోతాయి, జ్ఞాపకాలు చూసుకునే హిప్పోక్యాంపస్, మెదడు పైపొర కార్టెక్స్, చిన్నమెదడులో పర్కిన్జీ కణాలు, మనిషి లేవడు, లేచినా జ్ఞాపకం పోతుంది. రెండోదాంట్లో కణాలు బతికిపోతాయి, మనిషి లేస్తాడు, అందరం హమ్మయ్య అనుకుంటాం.

ఈయన లేచాడు. రెండ్రోజులు వెంటిలేటర్, సీటీ నార్మల్, ఎకో నార్మల్, యాంజియోలో బ్లాకులు లేవు. మూడో రోజు కళ్ళు తెరిచి వాళ్ళావిణ్ణి పేరు పెట్టి పిలిచాడు. పది రోజుల్లో నడుచుకుంటూ ఇంటికెళ్ళాడు, అంతర్వేది వెళ్ళి మొక్కు తీర్చుకొచ్చారు, మళ్ళీ చెరువు మీదికెళ్ళి లెక్కలు చూడటం కూడా మొదలెట్టాడు.

మళ్ళీ మొదలైంది

మూడో వారం దాటుతుండగా అని వాళ్ళావిడ చెప్పింది. ఆవిడ చదివింది పదో తరగతే గానీ ఈ కేసులో అందరికన్నా బాగా హిస్టరీ ఇచ్చింది ఆవిడే. సంచిలోంచి లెక్కల పుస్తకం తీసి నా ముందు పెట్టింది. మంచిగా ఉన్నప్పటి పేజీల్లో తేదీ, చెరువు నెంబరు, మేత, ఒకదాని కింద ఒకటి వరసగా ఉన్నాయి. తర్వాత పేజీలో "4 బస్తాలు" అని ఒక లైను, దాని కింద మళ్ళీ అదే, మళ్ళీ అదే, పేజీ అడుగుదాకా అదే, చివరికొచ్చేసరికి అక్షరాలు కుంచించుకుపోయి ఒకదానిమీద ఒకటి ఎక్కేసాయి. నా మటుకు నాకు ఏ స్కానూ ఇంత తేటగా చెప్పలేదు, మెదడు ముందు భాగం, అంటే ఫ్రంటల్ లోబ్ వైర్లు ఎప్పుడు మొరాయించడం మొదలెట్టాయో ఆ పేజీ మీద తేదీతో సహా ఉంది.

తర్వాత నాలుగైదు రోజుల్లో హాలు మూల ఒంటేలుకి పోయాడు. కారణం లేకుండా నవ్వడం, ఆనక నవ్వు కూడా పోయి కూర్చున్నచోటే కూర్చోవడం. అన్నం నోట్లో పెట్టుకుని మింగడం మర్చిపోవడం. "దడుచుకున్నాడండి, చెరువు గట్టు మీద గాలేదో తగిలిందన్నారండి" అని తల్లి, తాయెత్తు కట్టించారు. ఆమెని నేను తప్పుపట్టను, చచ్చి బతికినోడు బాగుపడి మళ్ళీ ఇలా అయ్యాడంటే ఎవరైనా దెయ్యమనే అనుకుంటారు. తర్వాత ఒక డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తే షాకు తర్వాత వచ్చిన డిప్రెషన్, సైకోసిస్ అని రిస్పెరిడోన్ అనే యాంటీసైకోటిక్, ఇంకో మాత్ర రాసారు. వారంలో మనిషి కొయ్యబారిపోయాడు. అప్పుడు స్ట్రెచర్ మీద నా దగ్గరికొచ్చారు.

కళ్ళు తెరిచే ఉన్నాయి, మనిషి కదిలితే చూపు వెంట వస్తోంది. మాట లేదు, చెప్పిన పని చెయ్యడు. చేతులు వంచబోతే నేనెంత బలం పెడితే అంత బలంతో ఎదురు పెడుతున్నాడు. స్టెతస్కోపు గుండె మీద పెట్టడానికి వంగితే ట్యూబు అరచేతికి తగిలింది, పట్టుకున్నాడు, ఇక వదల్లేదు, వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సొచ్చింది. అది పట్టుకోవాలని పట్టుకున్నది కాదు, పసిపిల్లలకి ఉండే గ్రాస్ప్ రిఫ్లెక్స్, ఫ్రంటల్ లోబ్ అదుపు పోయినప్పుడు పెద్దోళ్ళలో తిరిగొస్తుంది. అరికాలు గీస్తే రెండు బొటనవేళ్ళూ పైకి లేచాయి.

నా ఆలోచన అంతా ఆ బొటనవేళ్ళ చుట్టూనే తిరిగింది. రిస్పెరిడోన్ మనిషిని బిగించేస్తుంది, కదలిక తగ్గించేస్తుంది, మాట కూడా ఆపెయ్యొచ్చు, కానీ బొటనవేలిని పైకి లేపదు. డిప్రెషన్ లేపదు, కేటటోనియా (మాటా కదలికా ఆగి మనిషి బిగుసుకుపోయే స్థితి) లేపదు. రెండు వైపులా లేచాయంటే మెదడు నుంచి వెన్నుకి దిగే దారులు రెండు పక్కలా దెబ్బతిన్నాయని. అంటే మందు ఉన్నదాన్ని ఎక్కువ చేసింది, మొదలుపెట్టింది మాత్రం అది కాదు.

ముందు తేల్చుకున్నవి

వెంటనే మందున్న జబ్బుల్ని ముందు తీసెయ్యాలి, అరుదైనదాని గురించి తర్వాత ఆలోచించొచ్చు. ఆ రోజు గట్టు మీద పడ్డాడు కాబట్టి మెదడు పైన రక్తం గడ్డ (సబ్‌డ్యూరల్) ఏమైనా ఉందా అని సీటీ, లేదు. బయటికి కనపడని ఫిట్స్ నడుస్తున్నాయా అని మెదడు కరెంటు అలలు చూసే ఈఈజీ, అలలు మందగించాయి గానీ ఫిట్స్ లేవు. జ్వరం లేదు, కండరాలు దెబ్బతింటే పెరిగే సీపీకే కొంచెమే పెరిగింది, కాబట్టి ఇలాంటి మందులకి వచ్చే ప్రమాదకరమైన న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ కాదు, అయినా రిస్పెరిడోన్ ఆ పూటే ఆపేసాం. వెన్నునీరు తీస్తే కణాల్లేవు, ప్రోటీన్ మాత్రం ఓ మోస్తరుగా ఎక్కువ. సోడియం, థైరాయిడ్, బీ12 బాగానే ఉన్నాయి. లోరాజెపామ్ ఒక డోసు ఇచ్చి చూసాం, కేటటోనియా అయితే చాలామంది గంటలోపే కరుగుతారు, ఈయన నిద్రపోయాడంతే. మర్నాడు మళ్ళీ ఇచ్చినా అంతే.

ఎమ్మారైలో అంతా కనపడింది. పెద్దమెదడు రెండు వైపులా తెల్లపదార్థం (నరాల తీగలు పోయే లోపలి భాగం) మొత్తం సమానంగా మెరుస్తోంది, డిఫ్యూజన్ ఫిల్ములో కూడా. కార్టెక్స్ బాగుంది. కార్టెక్స్‌ని ఆనుకుని వంపు తిరిగే యూ-ఫైబర్లు అనే పల్చటి పట్టీ బాగుంది. చిన్నమెదడు, బ్రెయిన్ స్టెమ్ బాగున్నాయి. మెదడులోని రసాయనాలు కొలిచే స్పెక్ట్రోస్కోపీలో కోలిన్ పెరిగింది, నరకణాల్లో ఉండే ఎన్‌ఏఏ తగ్గింది. కోలిన్ అంటే కణాల పొరల్లో ఉండే కొవ్వుల్లో ఒక భాగం, అది పెరిగిందంటే పొరలు విడిపోయి ముక్కలవుతున్నాయని అర్థం.

డిలేడ్ పోస్ట్ హైపాక్సిక్ ల్యూకోఎన్‌సెఫలోపతీ. అంటే ఆక్సిజన్ తగ్గిన కొన్నాళ్ళకి తెల్లపదార్థం దెబ్బతినే జబ్బు. 1962లో ప్లమ్, పోస్నర్, హెయిన్ అనే డాక్టర్లు ఈ తీరుని వివరంగా రాసారు. ఆక్సిజన్ తగ్గి కోమాలోకి వెళ్ళిన మనిషి బాగుపడతాడు, కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు మామూలుగా ఉంటాడు, తర్వాత ఉన్నట్టుండి జారిపోతాడు. కార్బన్ మోనాక్సైడ్ తర్వాత, నల్లమందు జాతి మత్తుమందుల ఓవర్‌డోసు తర్వాత, గుండె ఆగిన తర్వాత, ఎలాగైనా రావచ్చు.

అసలు లోపల కొవ్వుకేమవుతుంది

ఈ ముక్క కాస్త సాగదీస్తా, మందుల నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడ్డాయి.

మెదడు బరువు ఒంట్లో 2 శాతం, ఆక్సిజన్ వాడకం 20 శాతం దాకా. నీరు తీసేస్తే మిగిలే బరువులో సగానికి పైగా కొవ్వులే. కానీ ఆ కొవ్వు మన పొట్ట కింద ఉండే లాంటిది కాదు, కాల్చుకోడానికి దాచిన సరుకు కాదు, మెదడు కొవ్వుని ఇంధనంగా వాడేది చాలా తక్కువ, గ్లూకోజ్, పస్తులుంటే కీటోన్లు, అంతే. ఇక్కడ కొవ్వంటే కట్టడం. కణాల పొరలు ఫాస్ఫోలిపిడ్లతో కట్టినవి, వాటిలో అరాకిడోనిక్ ఆసిడ్, డీహెచ్ఏ లాంటి ఫ్యాటీ ఆసిడ్లు ఇరికించి ఉంటాయి.

రక్తం ఆగిన కొద్ది నిమిషాల్లో కణాలు శక్తికి వాడుకునే ఏటీపీ అయిపోతుంది. సోడియం పంపులు ఆగుతాయి, కాల్షియం కణంలోకి చొరబడుతుంది. కాల్షియం వస్తే ఫాస్ఫోలైపేజ్ ఎంజైములు లేస్తాయి, అవి పొరల్లోంచి ఫ్యాటీ ఆసిడ్లని కోసేస్తాయి. ఇది మామూలుగా కూడా కొద్దికొద్దిగా జరిగే పనే, కోసినదాన్ని మళ్ళీ కుట్టేస్తూ ఉంటుంది కణం, కానీ కుట్టడానికి ఏటీపీ కావాలి. కొయ్యడానికి అక్కర్లేదు. అందుకని రక్తం ఆగిన నిమిషాల్లోనే మెదడులో విడి ఫ్యాటీ ఆసిడ్లు గుట్టపడిపోతాయి, దీన్ని నికొలాస్ బజాన్ 1970లోనే ఎలుకల మెదళ్ళలో చూపించాడు. ఆ తర్వాత రక్తం తిరిగొస్తుంది, మనకి సంతోషం, కానీ ఆక్సిజన్ వచ్చి ఈ గుట్ట మీద పడితే అరాకిడోనిక్ ఆసిడ్ ప్రోస్టాగ్లాండిన్లుగా, ల్యూకోట్రయిన్లుగా మారి వాపు పెంచుతుంది, ఫ్రీ రాడికల్స్ పుట్టి మిగిలిన కొవ్వుల్ని కూడా ఆక్సీకరణ చేసేస్తాయి. అంటే దెబ్బలో కొంత భాగం రక్తం ఆగినప్పుడు, ఇంకొంత భాగం అది తిరిగొచ్చినప్పుడు.

ఇదంతా గంటల్లో, రోజుల్లో జరిగే కథ. మరి మూడు వారాల గ్యాప్ ఎక్కడిది? దానికి మైలిన్ దగ్గరికి రావాలి. నరాల తీగల చుట్టూ చుట్టుకునే ఆ తొడుగు పొడి బరువులో 70 నుంచి 85 శాతం కొవ్వులే. దాన్ని తయారుచేసి చూసుకునేవి ఆలిగోడెండ్రోసైట్లు, వీటికి పని ఎక్కువ, లోపల ఇనుము ఎక్కువ, గ్లూటాథయోన్ లాంటి రక్షణ తక్కువ, పైగా ఇవి ఉండే లోతట్టు తెల్లపదార్థానికి రక్తం పొడుగాటి సన్న రక్తనాళాల చివర్ల నుంచి వస్తుంది, పక్కదారులు తక్కువ. కొరత వచ్చినప్పుడు ముందు ఎండేది శివారే. యూ-ఫైబర్లకి కార్టెక్స్ రక్తనాళాల తోడుంది, అందుకే అవి మిగిలాయి అనుకోవచ్చు.

మైలిన్ ఒకసారి కట్టి వదిలేసేది కాదు, దాని కొవ్వుల్లో కొన్ని వారాల్లో మారిపోతుంటాయి, కొలెస్ట్రాల్ లాంటివి నెలల తరబడి ఉంటాయి. దెబ్బ తగిలిన రోజు పాత సరుకు చెక్కుచెదరలేదు, అందుకే మనిషి లేచి నడిచాడు, సీటీ నార్మల్ వచ్చింది. కొత్త సరుకు తయారుచేసే యంత్రాంగం ఆ రోజే దెబ్బతింది. పాతది అరిగేకొద్దీ భర్తీ లేక వారాల తర్వాత తొడుగులు విడిపోయాయి. ఆలిగోడెండ్రోసైట్లు నెమ్మదిగా ఒకటొకటిగా చచ్చిపోవడం కూడా కారణమని ఇంకో వాదన, నాకు రెండూ కలిసే జరుగుతాయనిపిస్తుంది.

వాళ్ళ బావమరిదికి ఇదంతా చెప్తుంటే మొహం తెల్లబోయింది. అప్పుడు చెప్పా, "ఏరేటర్ కేబుల్లో కాపర్ తీగ బాగానే ఉంది, పైన రబ్బరు ఊడిపోయింది, మీ బావ మెదడులో కూడా అదే అయింది. తీగ తెగలేదు కాబట్టి రబ్బరు మళ్ళీ పట్టే అవకాశం ఉంది." వెంటనే అర్థమైంది ఆయనకి.

పని చెయ్యనివి

వచ్చేసరికే సిటికోలిన్ అనే మందు నడుస్తోంది. దీని వెనక లాజిక్ అందంగా ఉంటుంది, ఫాస్ఫటిడైల్ కోలిన్ తయారీలో అది ముడిసరుకు, కాబట్టి పొరలు మళ్ళీ కట్టడానికి సాయపడాలి. కానీ 2012లో వచ్చిన ఇక్టస్ ట్రయల్లో 2,298 మంది స్ట్రోక్ పేషెంట్ల మీద చూస్తే ప్లసీబో కన్నా మెరుగేమీ రాలేదు. ఆ జబ్బు వేరు ఈ జబ్బు వేరు, ఒప్పుకుంటా, కానీ ఇల్లు నడిపే మనిషి పడిపోయిన కుటుంబానికి రోజూ అంత ఖర్చు పెట్టించే ఆధారం నాకు కనపడలేదు. ఆపేసి ఆ డబ్బుతో ఫిజియోథెరపిస్టుని ఇంటికి రప్పించుకోమన్నా. "మెదడు బలానికి" అని రాసే మాత్రలన్నిటి మీదా నా మాట ఇదే.

స్టెరాయిడ్ విషయంలో తర్జనభర్జన పడ్డాం. కణాల్లేవు, కాంట్రాస్ట్ తీసుకోలేదు, వాపు జబ్బు లక్షణం లేదు, ఇస్తే పని చేస్తుందన్న ఆశ తక్కువ. కానీ ఏడెమ్ అనే జబ్బుని (ఒంట్లోని రక్షణ వ్యవస్థే మైలిన్ మీద పడి వాపు తెచ్చేది) నూటికి నూరుపాళ్ళు కాదనలేని పరిస్థితి, అదైతే స్టెరాయిడ్ ఇవ్వకపోవడం నేరం. ఈ తూకంలో మూడ్రోజులకని ఒప్పుకుని, ఎక్కడ ఆపాలో ముందే రాసుకుని మొదలెట్టాం. షుగర్ 400 దాటింది, మనిషిలో రవ్వంత తేడా లేదు, ఆపేసాం.

స్టాటిన్ మీద ఇంట్లో గొడవే జరిగింది. మెదడులో కొవ్వు పోతోందని నేనే చెప్పి, కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర నేనే కొనసాగిస్తుంటే ఎవరికైనా డౌట్ వస్తుంది. తల్లి అయితే "నెయ్యి పెట్టమంటారా అండి, రోజూ ముద్దపప్పులో ఓ గరిట వేస్తాను" అంది. సంగతేంటంటే ఒంట్లోని కొలెస్ట్రాల్లో దాదాపు పావు వంతు మెదడులోనే ఉంటుంది, దాన్ని మెదడే తయారుచేసుకుంటుంది, రక్తంలోది రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డుగోడ దాటి లోపలికి పోదు. తిన్న నెయ్యి మైలిన్‌కి చేరదు, షుగర్ ఉన్న మనిషికి గుండె కోసం ఇచ్చే స్టాటిన్ మైలిన్‌ని కరిగించదు. స్టాటిన్ ఉంచాం, నెయ్యి మామూలుగా తినమన్నాం.

చేపనూనె మాత్రలు? డీహెచ్ఏ నుంచి మెదడు న్యూరోప్రొటెక్టిన్ డీ1 అనే రక్షణ పదార్థం తయారుచేసుకుంటుందన్నది నిజమే, అది ల్యాబులో బాగా పనిచేసింది. అక్కణ్ణుంచి సీసా మాత్రల దాకా దూరం చాలా ఉంది. మింగడం వచ్చాక చేపలు తినమన్నా, అంతే. పులస సీజను కాబట్టి బంధువొకాయన పులస తెస్తానని ముచ్చట పడ్డాడు, మింగడమే సరిగా రాని మనిషికి అన్ని ముళ్ళున్న చేపేంటని నేనే ఆపా.

పని చేసినవి

ఈ జబ్బులో "పని చేసింది" అనడానికే జంకు, ఎందుకంటే చాలామంది నెలల మీద వాళ్ళంతట వాళ్ళే తేరుకుంటారు, ఏ మందు ఎంత చేసిందో విడదీసి చెప్పడం కష్టం. అయినా డోపమిన్ పెంచే అమాంటడిన్ మొదలెట్టా. ఎందుకంటే ఈయనకి కావాల్సింది కదలాలన్న చొరవ, అది డోపమిన్ దారుల్లో ఉంటుంది, ఆ దారులు తెల్లపదార్థం గుండానే పోతాయి, పైగా రిస్పెరిడోన్ వాటినే నొక్కిపెట్టింది. ఉదయం, మధ్యాహ్నం మాత్రమే, సాయంత్రం ఇస్తే రాత్రంతా నిద్రుండదు, లేనిపోనివి కనపడతాయి కూడా. రెండు వారాల తర్వాత ఒంట్లో డోపమిన్‌గా మారే లెవోడోపా తక్కువ డోసులో కలిపాం. ఒక్కో మందుకి మధ్య గ్యాప్ కావాలనే ఇచ్చా, రెండూ ఒకేసారి మొదలెడితే బాగుపడినా దిగజారినా దేనివల్లో తెలీదు. కాళ్ళ బిగువుకి బాక్లోఫెన్ కొంచెమే, ఎక్కువైతే మత్తు.

మిగతాదంతా నర్సింగ్. రైల్స్ ట్యూబుతో (ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టం) ఇంటికి పంపాం, పంపేముందు వాళ్ళావిడ చేత వార్డులోనే నాలుగైదు పూటలు ట్యూబులో పోయించాం, తల ఎత్తి పెట్టడం, పోసిన అరగంట దాకా పడుకోబెట్టకపోవడం, రెండు గంటలకోసారి పక్క తిప్పడం. ఆసుపత్రిలోనే నెలలు ఉంచడం వాళ్ళ వల్ల కాదు, ఉంచితే న్యుమోనియా వస్తుందన్న భయం నాకూ ఉంది. ఇంట్లో వాళ్ళతో ఒకటే గట్టిగా చెప్పా, "ఆరు నెలలదాకా ఎవరేం చెప్పినా ఆశ వదలకండి, అలాగని రేపే లేస్తాడనీ అనుకోకండి." ఈ మాట మందులకన్నా ముఖ్యం, ఎందుకంటే నెల రోజులు కదలని మనిషిని చూసి కుటుంబాలు అలిసిపోతాయి, ఇక లాభం లేదని ఎవరో ఒకరు అంటారు, ట్యూబు తీసేస్తారు. ఎమ్మారై చూసి భవిష్యత్తు చెప్పేవాళ్ళు కూడా ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి, ఫిల్ము ఎంత భయంకరంగా ఉన్నా దాన్నిబట్టి మనిషి ఎంత తేరుకుంటాడో చెప్పలేం.

ఇంటికెళ్ళిన నెలకి అటూ ఇటూగా ఫోనొచ్చింది. మింగడం పరీక్షించి చెంచాతో రాగిజావ మొదలెట్టి అప్పటికి కొన్ని రోజులైంది. ఆ పొద్దున రెండో చెంచా పెట్టగానే "ఉప్పెయ్యలేదు" అన్నాడట. "నిజంగానే మర్చిపోయానండి ఆయ్" అని ఆవిడ ఏడుస్తూ నవ్వుతూ చెప్పింది. నేను అడిగింది ఒకటే, తర్వాత ఇంకేమైనా అన్నాడా అని. ఆ రోజుకి లేదంది. కానీ రెండు ముక్కల మాటలో రుచి తెలిసింది, తప్పు పట్టింది, మాట దొరికింది, మూడు పనులు వరసగా జరిగాయి, అదే చాలు అనిపించింది.

మూడో నెలకి కూర్చున్నాడు, ఆరో నెలకి కర్ర లేకుండా వాకిట్లో నడిచాడు. ఎనిమిదో నెల ఎమ్మారైలో మెరుపు బాగా తగ్గింది, మెదడు లోపల నీరుండే గదులు (వెంట్రికల్స్) కాస్త పెద్దవయ్యాయి, అంటే కొంత నష్టం ఉండిపోయింది. ఏడాదికి చెరువు మీదికి వెళ్తున్నాడు. లెక్క రాస్తాడు గానీ రెండు చెరువుల మేత ఒకేసారి చెప్తే తడబడతాడు, ఆ పని బావమరిది చూస్తున్నాడు. కేబుళ్ళ జోలికి మాత్రం పోనివ్వడం లేదు. అమాంటడిన్ నెమ్మదిగా తగ్గించి ఆపేసాం, చొరవ తగ్గలేదు.

ఇప్పుడు మా దగ్గర మారినవి

గుండె ఆగో, ఉరి నుంచో, నీళ్ళలో మునిగో, కట్లపాము కాటుకి ఊపిరాగో, ఎలాగైనా సరే మెదడుకి ఆక్సిజన్ తగ్గి తేరుకున్న ప్రతి మనిషి డిశ్చార్జి కాగితం మీద తెలుగులో ఒక లైను రాయిస్తున్నాం: ఆరు వారాల్లోపు మాట, నడక, ప్రవర్తన, ఒంటేలు అదుపు ఏది మారినా వెంటనే తీసుకురండి, కాగితం కూడా తెండి. కొత్తగా మనసు జబ్బులా వచ్చిన మనిషిని చూసేవాళ్ళకి నా మనవి, గత రెండు నెలల్లో ఐసీయూలో ఉన్నాడా అని అడగండి, అరికాలు గీసి చూడండి. అరనిమిషం పని. యాంటీసైకోటిక్ రాసేముందు ఇది చేస్తే ఆ వారం రోజుల బిగుసుకుపోవడం తప్పేది, జబ్బు తప్పేది కాదనుకోండి.

మేనరికం సంగతి

మైలిన్‌లో సల్ఫటైడ్ అనే కొవ్వు ఉంటుంది, దాన్ని విరగ్గొట్టే ఎంజైము ఏరైల్‌సల్ఫటేజ్-ఏ. అది దాదాపు లేకపోతే మెటాక్రోమాటిక్ ల్యూకోడిస్ట్రఫీ, ప్రాణాంతకమైన జబ్బు. తగ్గి ఉన్నా జబ్బు రానివాళ్ళుంటారు, సూడోడెఫిషియన్సీ అంటారు, ఆరోగ్యంగా తిరిగేవాళ్ళలోనూ దొరుకుతుంది. మన జబ్బు వచ్చిన కొందరిలో ఈ ఎంజైము తక్కువ దొరికినట్టు రిపోర్టులున్నాయి, చాలామందిలో నార్మలే.

టెస్టు చేయించాలా వద్దా? చేయించినా ఈయన మందులు మారవు, అందుకని మొదట వద్దనే అనుకున్నా. కానీ భార్య సొంత అక్క కూతురు. ఈయనలో జబ్బు జీను ఒకటి ఉంటే అది అక్కలో ఉండే ఛాన్సు సగం, ఆవిడ కూతుర్లో పావు. ఇద్దరిలో ఉంటే ఒక్కో బిడ్డకి జబ్బు వచ్చే ఛాన్సు మళ్ళీ పావు, మొత్తం పదహారింట ఒకటి. పిల్లలిద్దరూ ఇంకా స్కూలు వయసులో ఉన్నారు, ఆ జబ్బు ఆ వయసులో కూడా మొదలవ్వచ్చు. అది తక్కువ ఛాన్సు కాదు, పైగా మేనరికం ఉన్న ఇల్లు, రేపు ఈ పిల్లల సంబంధాలు కూడా అందులోనే చూస్తారు. తేరుకుంటున్నాడని తెలిసాక, ఖర్చు సంగతి చెప్పి, వాళ్ళు సరేనన్నాకే శాంపిల్ బయట ల్యాబుకి పంపాం.

ఎంజైము నార్మల్లో సగం దగ్గర వచ్చింది. మూత్రంలో సల్ఫటైడ్లు లేవు. సగం అంటే రెండు రకాలుగా చదవచ్చు, జబ్బు జీను ఒకటి మోస్తున్నాడనైనా, సూడోడెఫిషియన్సీ ఒకటుందనైనా, ఎంజైము అంకె చూసి ఈ రెంటినీ విడదీయలేం. జీన్ టెస్టు చేయిస్తే సూడోడెఫిషియన్సీ రకం ఒక కాపీ దొరికింది, జబ్బు జీను దొరకలేదు. ఈయనకి ఈ జబ్బు రావడానికి అదే కారణమని నేను అనను, మామూలు జనంలో ఎంతోమందికి ఉండేదే అది. భార్యకి టెస్టు అక్కర్లేదని, పిల్లలకి అసలు అక్కర్లేదని కాగితం మీద రాసిచ్చా. తల్లి మాత్రం ఆ కాగితాన్ని మడిచి తాయెత్తు ఉన్న డబ్బాలోనే పెట్టిందని కోడలు చెప్పింది.